మూస వెంట నడిచే ఉలి
కొయ్యపై అక్షరాలు చెక్కే యంత్రాల కథ

ఇంటి గడప పక్కన, పాఠశాల ముఖద్వారం మీద, అడవిదారుల మలుపులలో కొయ్యపలకలపై చెక్కిన పేర్లు మనం చూస్తూ ఉంటాము. రంగుతో రాసిన అక్షరం ఎండకు వెలిసిపోతుంది. గాడిగా తొలిచిన అక్షరం రంగు పోయినా మిగిలే ఉంటుంది. అందుచేతనే చిరకాలం నిలవవలసిన పేర్లను మనిషి తొలినుండి చెక్కించుకొంటూ వచ్చినాడు.

ఉలి, కొయ్యసుత్తి పట్టిన పనివాడు ఒకేసారి రెండు పనులు చేస్తాడు. కొయ్యను కోయడం ఒకటి. ఉలి ఎక్కడికి పోవాలో, ఎక్కడ ఆగాలో ఎప్పటికప్పుడు నిర్ణయించుకోవడం రెండవది. మొదటిదానికి బలం కావాలి, రెండవదానికి జ్ఞానం కావాలి. ఈ రెండింటినీ విడదీసి, కోసే పనిని యంత్రానికీ, దారి చూపే పనిని మూసకూ అప్పగించడమే ఈ కథలోని ప్రధానాంశం. మూస అనగా మనకు కావలసిన ఆకారంలో ముందుగానే కోసి పెట్టుకొన్న పలక. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని పంతొమ్మిదవ శతాబ్దపు కర్మాగారాల స్వరూపాన్నే ఇది మార్చివేసింది.

నాలుగు బద్దల పరికరం

ఒక ఆకారాన్ని అనుసరిస్తూ అదే ఆకారాన్ని వేరొకచోట గీయగల పరికరాన్ని 1603 ప్రాంతంలో క్రిస్టఫ్ షైనర్ అనే జర్మన్ క్రైస్తవ గురువు రూపొందించినాడు. ఈయన ఖగోళ శాస్త్రజ్ఞుడు కూడాను. సూర్యబింబంపై మచ్చలను పరిశీలించినవారిలో ఒకడు. తన పరికరాన్ని వివరిస్తూ 1631లో ఒక గ్రంథం ప్రచురించినాడు. దీని పేరు పాంటోగ్రాఫ్.

దీని నిర్మాణం ఉన్నత పాఠశాల విద్యార్థికి సులభంగా అర్థమవుతుంది. నాలుగు బద్దలను కీళ్ళతో కలిపి ఒక సమాంతర చతుర్భుజంగా అమర్చుతారు. ఒక బిందువును బల్లకు బిగిస్తారు. రెండవ బిందువు వద్ద బొమ్మ గీతలపై నడిచే సూది, మూడవ బిందువు వద్ద పెన్సిలు ఉంటాయి. ఈ మూడు బిందువులూ ఎప్పుడూ ఒకే సరళరేఖపై ఉంటాయి. బద్దలు ఎటు కదిలినా స్థిరబిందువు నుండి సూదికీ, పెన్సిలుకూ ఉన్న దూరాల నిష్పత్తి మారదు. కాబట్టి సూది ఒక అక్షరం చుట్టూ తిరిగితే, పెన్సిలు దానికి సరూపమైన అక్షరాన్ని గీస్తుంది. సరూప త్రిభుజాల పాఠం చెప్పేటప్పుడు నాలుగు అట్టబద్దలతో దీనిని తరగతిలోనే చేసి చూపవచ్చు.

ఆవిరియంత్రాన్ని మెరుగుపరచిన జేమ్స్ వాట్ తన వార్ధక్యంలో ఇటువంటి ఆలోచనతోనే కాలం గడిపినాడు. ఒక శిల్పం మీద సూది పాకుతూ ఉంటే, తిరిగే కత్తి మరొక ముద్దను అదే ఆకారంలో చెక్కే యంత్రాలను ఆయన తన ఇంటి అటకగదిలో నిర్మించుకొన్నాడు. 1819లో ఆయన మరణించిన తరువాత ఆ గది చాలాకాలం అలాగే ఉండిపోయింది. 1924లో దానిలోని వస్తువులన్నిటినీ లండన్ సైన్స్ మ్యూజియానికి తరలించినారు.

కప్పీలు, తుపాకులు

వాట్‌కు ఇది వినోదం. ఇతరులకు ఇది అవసరమైంది. తెరచాప ఓడలకు తాళ్ళు లాగే కొయ్యకప్పీలు లెక్కలేనన్ని కావాలి. బ్రిటిష్ నౌకాదళానికి ఏటా లక్ష కప్పీలు కావలసి వచ్చేవి. ఫ్రాన్సు నుండి వచ్చిన మార్క్ బ్రూనెల్ ఈ పనికి యంత్రాల వరుస ఒకటి రూపొందించగా, హెన్రీ మాడ్‌స్లే వాటిని తయారుచేసినాడు. పోర్ట్స్‌మత్ రేవులో నెలకొల్పిన ఈ కర్మాగారం 1808లో 1,30,000 కప్పీలు తయారుచేసింది. 110 మంది నేర్పరులు చేసే పనిని అక్కడ 10 మంది సాధారణ కూలీలు చేయగలిగినారని చెబుతారు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి ఆలోచించదగినవి. యంత్రం ఎంత పని చేసిందో మాత్రమే కాదు, ఎందరి చేతిపనితో అవసరం లేకుండా పోయిందో కూడా అవి చెబుతున్నవి.

అమెరికాలో మసాచుసెట్స్‌కు చెందిన థామస్ బ్లాంచర్డ్ 1819లో మరొక ముందడుగు వేసినాడు. లేత్ అనబడే తరిమెన మీద గుండ్రని వస్తువులే తయారవుతాయని అంతవరకు అనుకొనేవారు. బ్లాంచర్డ్ యంత్రంలో ఒక నమూనా, ఒక కొయ్యమొద్దు కలసి మెల్లగా తిరుగుతాయి. నమూనాను ఒక చక్రం తాకుతూ ఉంటుంది. కొయ్యను అంతే పరిమాణం గల కత్తిచక్రం కోస్తూ ఉంటుంది. నమూనా ఎత్తుగా ఉన్నచోట రెండు చక్రాలూ వెనుకకు జరుగుతాయి. పల్లంగా ఉన్నచోట ముందుకు వస్తాయి. ఈ విధంగా తుపాకి కొయ్యపిడి వంటి వంకర ఆకారం కూడా నమూనాకు సరిపడేటట్లు వస్తుంది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో దీనిని వాడినారు. జోళ్ళు కుట్టేందుకు ఉపయోగించే కొయ్య పాదాల తయారీకి కూడా ఇదే పద్ధతి వచ్చింది.

గోడప్రకటనలు తెచ్చిన మార్పు

ఇక అక్షరాల సంగతి చూద్దాము. పంతొమ్మిదవ శతాబ్దం తొలిభాగంలో అమెరికా నగరాల గోడల నిండా పెద్ద అక్షరాల ప్రకటనలు వెలిసినవి. సీసపు మిశ్రమంతో అంత పెద్ద అక్షరాలు పోత పోస్తే అవి మోయలేనంత బరువు, కొనలేనంత ధర. పైగా చల్లారేటప్పుడు ముఖం సమతలంగా ఉండేది కాదు. న్యూయార్కులో డేరియస్ వెల్స్ అనే ముద్రాపకుడు 1827లో కొయ్య అక్షరాల తయారీకి పూనుకొన్నాడు. 1828లో తన అక్షరాల పట్టికను ప్రచురించినాడు. అక్షరం చుట్టూ ఉన్న కొయ్యను వేగంగా తిరిగే కత్తితో తొలగించడం ఆయన పద్ధతి. ఈ తొలిచే యంత్రమే రౌటర్.

కొయ్యను ఎంచుకోవడంలో కూడా ఒక శాస్త్రవిషయం ఉన్నది. అక్షరాలను పలక నిడివి వెంట కాక, చెట్టును అడ్డంగా కోసిన ముఖం మీద చెక్కేవారు. ఆ ముఖంలో పీచు నిలువుగా నిలబడి ఉంటుంది కాబట్టి కత్తి ఎటు తిరిగినా పేళ్ళు లేవవు. ముద్రణయంత్రపు ఒత్తిడిని కూడా అది బాగా తట్టుకొంటుంది. ఇందుకు మేపుల్ చెట్టు గట్టి కొయ్యను వాడినారు.

1834లో విలియం లెవెన్‌వర్త్ ఈ రౌటర్‌ను పాంటోగ్రాఫ్‌తో జతపరచినాడు. షైనర్ పెన్సిలు ఉన్నచోట తిరిగే కత్తి వచ్చింది. ఒక పెద్ద మూస ఉంటే దానినుండి ఎన్ని పరిమాణాలలోనైనా, ఎన్ని ప్రతులైనా అక్షరాలు తీయవచ్చు. ఇందులో గమనించవలసిన లాభం మరొకటి ఉన్నది. మూస అక్షరం కంటే నాలుగు రెట్లు పెద్దదైతే, మూసలో 1 మిల్లీమీటరు తప్పు అక్షరంలో పావు మిల్లీమీటరే అవుతుంది. అనగా తగ్గించి తీసే ప్రతిలో లోపం కూడా తగ్గుతుంది. 1885లో లిన్ బాయిడ్ బెంటన్ లోహపు అచ్చులకు కావలసిన పంచ్‌లను చెక్కే యంత్రాన్ని ఈ సూత్రంపైనే నిర్మించినాడు.

1880లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని టూ రివర్స్ అనే ఊరిలో జె. ఇ. హామిల్టన్ కొయ్య అక్షరాల పరిశ్రమ ప్రారంభించినాడు. కొద్దికాలంలోనే అది ఆ దేశంలోని అటువంటి పరిశ్రమలన్నిటిలోనూ పెద్దదైంది. ముద్రణ విధానాలు మారి కొయ్య అక్షరాల అవసరం తగ్గిన తరువాత, 1999లో ఆ ఊరిలోనే వాటికొక మ్యూజియం ఏర్పడింది.

యంత్రం చేతిలోకి వచ్చింది

ఇంతవరకు చెప్పినవన్నీ బల్లకు బిగించిన యంత్రాలు. కొయ్యను యంత్రం వద్దకు తీసుకొనిపోవాలి. చిన్న విద్యుత్ మోటారు వచ్చిన తరువాత యంత్రాన్నే కొయ్య వద్దకు తేవడం సాధ్యమైంది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో న్యూయార్కు రాష్ట్రానికి చెందిన ఆర్. ఎల్. కార్టర్ మంగలివారు వాడే విద్యుత్ క్లిప్పరు మోటారుకు కత్తి అమర్చి ఇటువంటి పనిముట్టు చేసినాడని చెబుతారు. ఆయన వ్యాపారాన్ని 1929లో స్టాన్లీ కంపెనీ కొన్నది. కత్తిని తిరుగుతూ ఉండగానే నేరుగా కొయ్యలోకి దింపగల రౌటర్లు రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జర్మనీలో తయారైనవి. అక్షరాలు చెక్కేవారికి ఇది మేలైన సదుపాయం. గాడి పలక అంచున కాక మధ్యలోనే మొదలవుతుంది కదా.

దీని వేగం ఎంతో లెక్క వేద్దాము. కత్తి వ్యాసం 12 మిల్లీమీటర్లు, నిమిషానికి 20,000 భ్రమణాలు అనుకొందాము. కత్తి చుట్టుకొలత సుమారు 37.7 మిల్లీమీటర్లు. నిమిషంలో దాని అంచు 754 మీటర్లు, అనగా గంటకు 45 కిలోమీటర్ల లెక్కన ప్రయాణం చేస్తుంది. అందుచేతనే గాడి అంత నునుపుగా వస్తుంది. అందుచేతనే జాగ్రత్త కూడా అవసరం. పలకను క్లాంపులతో బిగించి, కళ్ళద్దాలు ధరించి, ఒక్కసారిగా కాక కొద్దికొద్ది లోతుగా తొలచాలి. కొయ్యధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1995లో వర్గీకరించింది. ముక్కుకు తగిన తొడుగు లేకుండా ఈ పని చేయరాదు.

మూస వెంట రౌటర్ నడవడానికి దాని అడుగున ఒక గుండ్రని లోహపు బుష్ బిగిస్తారు. కత్తి దాని మధ్యగుండా కిందికి దిగుతుంది. బుష్ మూస అంచును రాసుకొంటూ పోతుంది. కత్తి కొయ్యను కోస్తూ పోతుంది. ఈ రెండింటి అంచులూ ఒకచోట ఉండవు. బుష్ వెలుపలి వ్యాసం 16 మిల్లీమీటర్లు, కత్తి వ్యాసం 10 మిల్లీమీటర్లు అయితే, వాటి తేడాలో సగం, అనగా 3 మిల్లీమీటర్లు, మూస అంచుకూ గాడి అంచుకూ మధ్య ఎడం ఉంటుంది. మూసను కోసేటప్పుడే ఈ మేరకు రంధ్రాన్ని అన్నివైపులా పెంచుకోవాలి. ఇది మరచినవాడి అక్షరాలన్నీ చిక్కిపోయి వస్తాయి. ఇక్కడ పాంటోగ్రాఫ్‌లో ఉన్న ఉపకారం లేదు. మూసలోని ప్రతి వంకరా తగ్గకుండా పలక మీదికి వస్తుంది.

నడిపే దిక్కుకు కూడా కారణం ఉన్నది. పైనుండి చూస్తే కత్తి గడియారపు ముళ్ళ దిక్కున తిరుగుతుంది. మనం నడిపే దిక్కుకు మూస అంచు ఎడమవైపున ఉంటే, కొయ్య ఇచ్చే ప్రతిక్రియ రౌటర్‌ను ఆ అంచుకే నొక్కి ఉంచుతుంది. దిక్కు తారుమారైతే అదే బలం రౌటర్‌ను అంచు నుండి దూరంగా లాగుతుంది. న్యూటన్ మూడవ సూత్రం ఇక్కడ చేతికి తెలుస్తుంది.

తెలుగు అక్షరానికి మూస

గుండ్రని కత్తి లోపలి మూలను ఎన్నడూ పదునుగా కోయలేదు. కత్తి వ్యాసార్ధం ఎంతో, మూల కనీసం అంత గుండ్రమవుతుంది. రోమన్ లిపిలోని కోణాలకు ఇది లోపమే. వంపులతో నిండిన తెలుగు అక్షరాలకు ఇది పెద్ద అడ్డంకి కాదు. తలకట్టు కొస మాత్రం కొంచెం మొద్దుబారుతుంది.

అసలు చిక్కు మరొకచోట ఉన్నది. పలకలో సున్న ఆకారపు సందు కోస్తే నడుమనున్న బిళ్ళ ఊడి కింద పడుతుంది. దానిని నిలబెట్టాలంటే ఎక్కడైనా ఒక వంతెన ఉంచి, ఆ కొద్దిభాగం తరువాత ఉలితో పూర్తి చేసుకోవాలి. రోమన్ లిపిలో ఒ, డి, బి వంటి కొన్ని అక్షరాలకే ఈ బాధ ఉంటుంది. మనకు సున్న ప్రతి వాక్యంలోనూ వస్తుంది.

సంఖ్య కూడా ఆలోచించవలసిందే. ఇంగ్లీషు పేరు ఏదైనా 26 పెద్ద అక్షరాల మూసలతో తీరుతుంది. అందుచేత అటువంటి మూసల కట్టలు తయారుచేసి అమ్మడం సులభం. తెలుగులో ఒక్క క గుణింతానికే పన్నెండుకు పైగా రూపాలు కావాలి, వత్తులు వేరే. గుడి, కొమ్ము, తలకట్టు విడివిడి మూసలుగా చేసుకొందామా అంటే, అవి అన్ని హల్లులకూ ఒకేచోట అతకవు. ‘కు’లో కొమ్ము ఉన్నట్లు ‘పు’లో ఉండదు. ‘కో’ వలె ‘మో’ రాయము. ఈ సంగతులు తెలుగు చదివే వడ్రంగికి తెలుసు. ఎక్కడో మూసలు తయారుచేసేవానికి తెలియవు. మూస ఎవరి చేతిలో ఉంటే పలక మీది లిపి వారి చేతిలో ఉంటుంది. సిద్ధంగా దొరికే మూసతో సరిపెట్టుకొంటే, తెలుగు పేరు కూడా పరాయి లిపిలోనే పలకకెక్కే ప్రమాదం ఉన్నది.

మూస అంకెలుగా మారింది

1952లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రంధ్రాలు గల కాగితపు పట్టీ ఆజ్ఞలతో నడిచే లోహాన్ని కోసే యంత్రాన్ని ప్రదర్శించినారు. ఆకారాన్ని పలకగా కాక అంకెలుగా భద్రపరచడం దీనిలోని విశేషం. దాని వారసులైన కంప్యూటరు రౌటర్లు నేడు మన పట్టణాలలో కూడా తలుపులు, పేరుపలకలు చెక్కుతున్నవి. అంకెల మూస అరగదు, విరగదు. దానికి సున్న నడుమ వంతెన అక్కరలేదు. ఎన్ని వందల గుణింతాలైనా దానికి బరువు కాదు. తెలుగు అక్షరానికి మూస వల్ల ఉన్న చిక్కు చాలావరకు ఇక్కడ తీరింది.

అయినా తీరని సంగతి ఒకటి ఉన్నది. షైనర్ సూదికి ముందు ఒక బొమ్మ ఉండాలి. లెవెన్‌వర్త్ కత్తికి ముందు ఒక మూస ఉండాలి. కంప్యూటరుకు ముందు ఎవరో ఒకరు ఆ అక్షరాన్ని చక్కగా గీసి ఉండాలి. పోర్ట్స్‌మత్‌లో వంద మంది చేతులలో ఉండిన నేర్పు మాయమైపోలేదు. అది కొద్దిమంది చేతులలోకి, మూస తయారుచేసేవారి చేతులలోకి చేరింది. మంచి మూస వేయి మంచి పలకలనిస్తుంది. తప్పు మూస వేయిసార్లు తప్పును చెక్కుతుంది. కాబట్టి యంత్రాల కాలంలో చక్కని అక్షరం గీయగలవాని విలువ పెరిగిందే గాని తగ్గలేదు. వృత్తివిద్య నేర్చే విద్యార్థికి రౌటర్ పట్టడంతోపాటు ‘అ’ను అందంగా దిద్దడం కూడా నేర్పడం ఈ చరిత్ర మనకు చెప్పే పాఠం.