తరువాయి వచ్చే వారం

మొన్న రాత్రి అన్నాలప్పుడు మా అమ్మాయి ఒక చేత్తో పప్పన్నం కలుపుతూ, ఇంకో చేత్తో ఫోన్ పట్టుకుని ఉంది. ఏదో మిస్టరీ సిరీస్ అట. చివరి రెండు ఎపిసోడ్లు ఇంకా రాలేదట. "అమ్మా, హంతకుడు ఎవరో నాకు తెలిసిపోయింది. మా గ్రూపులో పదకొండు థియరీలు ఉన్నాయి, వాటిలో నాదే కరెక్ట్" అంది.

మా అత్తయ్య మజ్జిగ పోసుకుంటూ, "థియరీ అంటే ఏందే?" అన్నారు.

"చివరికి ఏమవుద్దో మనమే ఊహించడం, నానమ్మా."

"ఓస్, అదా! దానికి అంత పేరెందుకు? ఆ పని మేం పుట్టినప్పటి నుంచీ చేస్తానే ఉన్నాంగా" అన్నారావిడ.

అందరం నవ్వుకున్నాం గానీ, గిన్నెలు తోముతూ ఆలోచిస్తే ఆ మాట ఎంత నిజమో అనిపించింది. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు కథల ముగింపులు ఊహించడానికి ఒక చరిత్రే ఉంది. ఎవరూ రాయలేదంతే. నాకు తెలిసినంత మేర ఇవాళ రాస్తాను.

మాది పల్నాడు. 2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా అయింది గానీ, ఆ పేరు మాకు కొత్తగా వచ్చింది కాదు. ఎనిమిది వందల ఏళ్ళుగా ఒకే కథ చెప్పుకుంటున్న నేల ఇది. మా అమ్మమ్మది కారంపూడి. ఏటా కార్తీక అమావాస్యకు అక్కడ వీరుల ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులు. ఇందులో సస్పెన్సు ఏమీ లేదు. కోడిపందెంలో బ్రహ్మనాయుడు పక్షం ఓడిపోతుందని, మాచర్ల వాళ్ళు ఏడేళ్ళు ఊరు వదిలిపోతారని, రాయబారానికి వెళ్ళిన అలరాజు తిరిగిరాడని, బాలచంద్రుడు యుద్ధంలో చనిపోతాడని పసిపిల్లలక్కూడా తెలుసు. అయినా వీరవిద్యావంతులు కథ పాడుతుంటే జనం కదలకుండా కూర్చుంటారు.

చిన్నప్పుడు అమ్మమ్మ పక్కన కూర్చుని వినేదాన్ని. బాలచంద్రుడు యుద్ధానికి పోయే ముందు భార్య మాంచాల దగ్గరకు వెళ్ళే ఘట్టం వచ్చేసరికి ఆడవాళ్ళంతా కొంగులు నోటికి అడ్డం పెట్టుకునేవారు. అమ్మమ్మ మెల్లగా, "ఈసారన్నా మాంచాల ఆపితే బాగుండు" అనేది. ఏటా అదే మాట. ఆపదని ఆమెకు తెలుసు. అయినా ఆ ఒక్క క్షణం కథ ఇంకోలా జరగొచ్చన్నట్టు చూసేది. పక్కన కూర్చున్నావిడ "ఆపితే కథేముంది పిన్నీ?" అంటే, "కథ లేకపోతే పోయె, పిల్లోడు దక్కుతాడుగా" అనేది.

తెలిసిన ఆ కథకు కూడా ఒక తెలియని చివర ఉంది. యుద్ధం అయిపోయాక బ్రహ్మనాయుడు గుత్తికొండ బిలంలోకి వెళ్ళాడంటారు. మళ్ళీ బయటికి రాలేదంటారు. చనిపోయాడని మాత్రం ఎవరూ అనరు. లోపల తపస్సు చేసుకుంటున్నాడని కొందరు, ఎప్పటికైనా వస్తాడని కొందరు. అంతమంది చనిపోయిన కథలో ఒక్కరినైనా చంపకుండా గుహలోకి పంపించి తలుపు తెరిచే ఉంచారు మా వాళ్ళు. నన్నడిగితే పల్నాడులో మొదటి 'థియరీ' అదే.

అమ్మ కాలానికి వచ్చేసరికి కథలు వారపత్రికల్లోకి వచ్చాయి. అంతకు ముందే కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ నవలలు ఉండేవి. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు పేర్లు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. కానీ అది పుస్తకం. ఆగలేకపోతే చివరి పేజీ తిప్పి చూసుకోవచ్చు. వారపత్రికలో సీరియల్ అట్లా కాదు. సరిగ్గా తలుపు కొట్టిన చప్పుడు వినపడగానే 'సశేషం' అని ఉంటుంది. ఇక వారం రోజులు వంట చేస్తున్నా, బట్టలు ఉతుకుతున్నా ఆ తలుపు వెనక ఎవరున్నారా అన్నదే ఆలోచన.

ఆంధ్రభూమి వారపత్రికలో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'తులసిదళం' వస్తున్న రోజుల గురించి అమ్మ ఇప్పటికీ చెబుతుంది. పసిపిల్ల తులసికి వచ్చింది జబ్బా, చేతబడా అని వీధి వీధంతా రెండు పక్షాలైపోయిందట. చదువుకున్న టీచరమ్మ జబ్బు పక్షం. మిగతావాళ్ళంతా చేతబడి పక్షం. ఆ నవల మూఢనమ్మకాలను పెంచుతుందని రంగనాయకమ్మ గారు గట్టిగా విమర్శిస్తూ పుస్తకమే రాశారు. ఆ వాదన పెద్దవాళ్ళది. మా వీధిలో ఆడవాళ్ళకు మాత్రం అది వాళ్ళ అభిప్రాయాన్ని ఒకరు అడిగిన సందర్భం. ఇంట్లో పొలం అమ్మాలా వద్దా అన్నప్పుడు వాళ్ళను ఎవరూ అడగలేదు. తులసి బతుకుతుందా లేదా అని మాత్రం ఒకరినొకరు అడుక్కున్నారు.

ఈ పిచ్చి మనకొక్కరికే అనుకోకండి. ఇంగ్లండులో చార్లెస్ డికెన్స్ తన చివరి నవల 'ది మిస్టరీ ఆఫ్ ఎడ్విన్ డ్రూడ్' 12 భాగాలుగా రాయాలనుకుని, ఆరు భాగాలకే 1870 జూన్‌లో కన్నుమూశారు. ఎడ్విన్ ఏమయ్యాడో చెప్పకుండానే పోయారు. పాఠకులు ఊరుకోలేదు. 1914లో లండన్లో అనుమానితుడి మీద ఏకంగా ఉత్తుత్తి కోర్టు పెట్టి విచారణ జరిపారు. రచయిత చెస్టర్టన్ జడ్జి, బెర్నార్డ్ షా జ్యూరీ పెద్ద. అమెరికాలో 'డల్లాస్' అనే టీవీ సీరియల్లో 1980 మార్చిలో జె.ఆర్. అనే ఆయన్ని ఎవరో కాల్చారు. కాల్చింది ఎవరో నవంబరు దాకా చెప్పలేదు. ఎనిమిది నెలలు దేశమంతా అదే ప్రశ్న. తీరా చూస్తే ఆయన భార్య చెల్లెలు. మా పెద్దమ్మకు చెబితే, "మరదలేనని మొదటి రోజే చెప్పేదాన్ని" అంది.

పెద్దమ్మ దగ్గరకే వస్తున్నాను. డిగ్రీ చదివేటప్పుడు నరసరావుపేటలో పెద్దమ్మ వాళ్ళింట్లో ఉన్నాను. ఈటీవీ 1995లో మొదలైంది. ఆ తర్వాత రెండు మూడేళ్ళకు అచ్యుత్, యమున నటించిన 'అన్వేషిత' వచ్చింది. అది ఉన్న రోజు వీధిలో పన్నెండు మంది ఆడవాళ్ళు పెద్దమ్మ ముందు గదిలో కూర్చునేవారు. సరిగ్గా ఏదో బయటపడబోతుందనగా కరెంటు పోయేది. మా ఇంట్లో ఉన్నా ఒక్కోసారి కేబుల్ వాళ్ళ దగ్గర పోయేది. అందరం విసనకర్రలు పట్టుకుని అరుగు మీదకు వచ్చి కూర్చునేవాళ్ళం.

అసలు సీరియల్ అక్కడ మొదలయ్యేది. చీకట్లో ఎవరి మొహం ఎవరికీ కనపడదు. పగలు నోరు విప్పని కోడళ్ళు కూడా అప్పుడు మాట్లాడేవాళ్ళు. ఒకావిడ ఎప్పుడూ తోటికోడలిని అనుమానించేది, ఆ పాత్ర కథలో లేకపోయినా సరే. భర్త గల్ఫ్‌కు వెళ్ళినావిడకు పోయినవాళ్ళంతా చివరి ఎపిసోడ్లో తిరిగివచ్చేవాళ్ళు. అప్పుడు నవ్వుకునేదాన్ని గానీ, ఎవరు ఏ ముగింపు చెబుతున్నారో చూస్తే వాళ్ళ ఇంట్లో ఏం జరుగుతుందో తెలిసిపోయేది. అచ్యుత్ గారు 2002లోనే పోయారు. ఆ సీరియల్లో ఏ రహస్యం ఎట్లా విడిపోయిందో కూడా నాకిప్పుడు సరిగ్గా గుర్తు లేదు. అరుగు మీద చీకట్లో మాటలు మాత్రం గుర్తున్నాయి.

ఆ తర్వాతది మీకందరికీ తెలిసిందే. 2015 జూలై 10న 'బాహుబలి' వచ్చింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడో తెలియడానికి 2017 ఏప్రిల్ 28 దాకా ఆగాల్సివచ్చింది. ఆ 22 నెలలు మగవాళ్ళు కూడా మాలాగే ముగింపులు ఊహించారు. అప్పుడు దాన్ని ఎవరూ పనీపాటా లేని ముచ్చట అనలేదు, గమనించారా? 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా నడిచిన 'కార్తీక దీపం' విషయంలో మాత్రం మనల్ని ఎగతాళి చేశారు. డాక్టర్ బాబుకు నిజం ఎప్పుడు తెలుస్తుందా అని అయిదేళ్ళు చూశాం. డీఎన్ఏ పరీక్ష చేయిస్తే ఒక్క రోజులో తేలిపోయేది కదా అని అనుకోని ఇల్లు లేదు. మా అత్తయ్య మాత్రం ఒప్పుకునేవారు కాదు. "కాయితం చూసి నమ్మితే అది నమ్మడం ఎట్లా అవుద్ది? ఆమె మాట మీద నమ్మాలి" అనేవారు. వంటలక్క కోసం ఆవిడ కోరుకున్న ముగింపు అది. వంటలక్క ఒక్కదాని కోసమేనా అన్నది నేను అడగలేదు.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది చెబుతాను. అమ్మను అడిగే రాస్తున్నాను.

అమ్మ దగ్గర పత్రికల్లోంచి చింపి, దారంతో కుట్టుకున్న సీరియల్ ఒకటి ఉండేది. నవల పేరు ఎందుకులెండి. ఒక పెద్దింటి కోడలు రాత్రికి రాత్రి మాయమవుతుంది. బావి గట్టు మీద చీర కొంగు ముక్క దొరుకుతుంది. చంపింది ఎవరు అన్నది కథ. అప్పట్లో మాచర్లలో మేమూ, పక్కింటి పిన్ని వాళ్ళూ కలిసి ఒకే పత్రిక కొనేవాళ్ళట, ఒక వారం వీళ్ళు, ఒక వారం వాళ్ళు. చివరి మూడు వారాలు వచ్చేసరికి అమ్మ తమ్ముడి కాన్పుకు కారంపూడి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పిన్ని భర్తకు పిడుగురాళ్ళలో సున్నం బట్టీ దగ్గర పని దొరికి ఇల్లు మారిపోయారు. ఆ మూడు వారాలూ వాళ్ళతోనే పోయాయి.

అందుకని నాకు అమ్మ తన ముగింపు చెప్పేది. కోడలిని ఎవరూ చంపలేదు. కొంగు తనే చింపి బావి దగ్గర పడేసింది. తెల్లవారుజామున బస్సెక్కి వినుకొండ వెళ్ళిపోయింది. అక్కడ కుట్టుమిషను కొనుక్కుని హాయిగా బతుకుతోంది. వీళ్ళు మాత్రం ఇంకా బావిలో వెతుకుతున్నారు. ఇది చెప్పి అమ్మ నవ్వేది. ఎన్నిసార్లు విన్నానో.

డిగ్రీలో ఉండగా శాఖా గ్రంథాలయంలో ఆ నవల దొరికింది. నిలబడే చివరి పేజీలు చదివాను. ఆస్తి కోసం బావగారే చంపేశాడు. ఆ ఆదివారం మాచర్ల వెళ్ళి గొప్పగా అమ్మకు చెప్పాను. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. తల ఎత్తకుండా, "రాసినాయనకు తెలీదులే" అంది. ఆ మాట చాలా ఏళ్ళు మా ఇంట్లో జోకు. ఎవరైనా ఏదైనా ఒప్పుకోకపోతే "రాసినాయనకు తెలీదులే" అనుకునేవాళ్ళం.

పోయిన సంక్రాంతికి అరిసెలు వత్తుతూ ఆ జోకు మళ్ళీ వేశాను. వంటింట్లో మేమిద్దరమే ఉన్నాం. అమ్మ ఈసారి నవ్వలేదు. "ఆ కథ వచ్చేటప్పుడే ఒకసారి నేనూ బస్టాండు దాకా వెళ్ళానే. వినుకొండ బస్సు ఉంది. సీటు కూడా ఉంది" అంది.

వినుకొండలో అమ్మ చిన్ననాటి స్నేహితురాలు ఒకావిడ కుట్టుమిషను పెట్టుకుని బతికేది. నాకు చటుక్కున అది గుర్తొచ్చింది.

"మరి?"

"మరేముంది, నిన్ను బడి నుంచి తీసుకురావాలిగా. టైమయింది, వచ్చేశా."

ఎందుకు వెళ్ళిందో నేను అడగలేదు. అమ్మ చెప్పలేదు. నూనెలో అరిసె మాడుతుంటే తిప్పింది. తర్వాత తనే, "ఆయన చంపేశాడు కథలో. నేను చంపలేదు, అంతే" అంది.

బీఏలో మాకు కథ గురించి చాలా చెప్పారు. ఎత్తుగడ, నడక, ముగింపు అని నోట్సు రాయించారు. ముగింపు రచయితది అని నేను కూడా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాను. మాంచాల ఆపాలని కోరుకున్న అమ్మమ్మ గురించి గానీ, బావిలో పడ్డ కోడలిని బస్సెక్కించిన అమ్మ గురించి గానీ ఆ నోట్సులో లేదు. వాళ్ళు ఊహించినవి తప్పే. ఒక్కటీ నిజం కాలేదు. కానీ వాళ్ళకు ఏం కావాలో ఇంకెక్కడా చెప్పుకోలేదు, అక్కడే చెప్పుకున్నారు. మేం వినలేదు.

రాత్రి గిన్నెలు సర్దేశాక అమ్మాయి గదిలోకి వెళ్ళాను. "నీ థియరీ ఏంటో చెప్పు" అన్నాను. ఫోన్ పక్కన పెట్టి ఆశ్చర్యంగా చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఆ సిరీస్ నేను చూడలేదు, పాత్రల పేర్లు కూడా సరిగ్గా పట్టుబడలేదు. హంతకుడు ఎవరన్నది వదిలేసి, తన కథలో ఎవరు బతికి బయటపడుతున్నారో మాత్రం శ్రద్ధగా విన్నాను.