బూటుకు పుట్టిల్లు వంటిల్లే!

చెప్పుల కొట్లో మనం ముందు చూసేది రంగు, ఆ తర్వాత ధర. పాదం సంగతి అందరికంటే ఆఖరు. తీరా మోయవలసింది మాత్రం అదే!

పరుగు బూట్ల చరిత్ర ఓ వంటింట్లో మలుపు తిరిగిందంటే నమ్ముతారా? అమెరికాలో ఒరెగాన్ విశ్వవిద్యాలయంలో పరుగు నేర్పే గురువు బిల్ బోవర్‌మన్. 1971లో ఆయన భార్య బార్బరా ఓ ఉదయం వాఫుల్ వేస్తోంది. వాఫుల్ అంటే మన అట్టుకి దూరపు చుట్టం. రెండు పెనాల మధ్య కాలి, ఒళ్ళంతా గళ్ళు తేలుతుంది. ఆ గళ్ళు చూసేసరికి ఆయనకి బూటు అడుగు తట్టింది. రబ్బరులా గట్టిపడే రసాయనం ఆ పెనంలోనే పోశాడు. అంటుకోకుండా ముందు ఏదైనా రాయాలన్న సంగతి మరిచాడు! పెనం కాస్తా అతుక్కుపోయింది. నూనె రాయకుండా అట్టు పోసే పని మనలో కొత్తకోడలైనా చేయదు కదా! అది ఆవిడకు పెళ్ళి కానుకట, పాపం.

పెనం పోయినా ఆలోచన నిలిచింది. 1974లో నైకీ వారి ‘వాఫుల్ ట్రైనర్’ అయింది. ఆ దశకంలోనే మడమ కింద ఇ.వి.ఎ. అనే తేలిక నురుగు మెత్త వచ్చి చేరింది. ఆపైన పాదాలకు జాతకాలు మొదలయ్యాయి. తడికాలితో గచ్చు మీద అడుగేయండి. అడుగంతా పడితే చదును పాదం, గట్టి బూటు. మధ్యలో సన్నగా పడితే వంపెక్కువ, మెత్తని బూటు.

నేనూ అలాగే కొన్నాను. డాక్టరు నడవమన్నాడు, కొట్టువాడు “చదును పాదమండీ, ఇదే వేసుకోవాలి. వాడగా వాడగా సాగుతుంది” అన్నాడు. అది సాగలేదు, నా నడకే ఆగింది. ఆర్నెల్లు “నా పాదాలింతే” అని కూర్చున్నాను.

2009, 2010లలో అచ్చయిన అమెరికా సైన్యం పరిశీలనలు ఆలస్యంగా నా చెవిన పడ్డాయి. కొత్తగా చేరిన వేలమందిలో కొందరికి పాదం తీరు చూసి బూట్లిచ్చారు, తక్కినవారికి అందరికీ ఒకే రకం. దెబ్బల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు!

అందుకని ఈసారి సాయంత్రం వెళ్ళాను. అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మేజోళ్ళు తొడిగి, రెండు కాళ్ళకీ వేసుకుని, కొట్టంతా నాలుగుసార్లు తిరిగాను. పొడుగు వేలి ముందు బొటనవేలి వెడల్పు ఖాళీ ఉందా, మడమ జారుతోందా చూశాను. హాయిగా అనిపించిందే తెచ్చుకున్నాను.

కూర రుచి చూడందే దించం గదా! బూటు విషయంలో మాత్రం మన కాలి మాట కాదని, కొట్టువాడి మాట వినడమెందుకు చెప్పండి?