గుంటూరు గ్రహణము, ఒక బాకీ జవాబు

పుష్యమాసపు రాత్రి ఉదయగిరిలో మా మిద్దెమీద నిలిచి చూస్తే, మృగశిర, ఆర్ద్రలున్న మండలం దుర్గంకొండ పైన స్పష్టంగా కానవస్తుంది. నడుమనున్న మూడు చుక్కలకు దిగువ మసకగా తోచేది చుక్క కాదు, నీహారిక. సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలో నేటికీ నక్షత్రాలను కంటున్న వాయుమేఘం. దానిని చూచినప్పుడల్లా నాకు ఆత్మకూరు తరగతిగది జ్ఞప్తికి వస్తుంది.

నేను తెలుగు పండితుణ్ణి. సైన్సు అయ్యవారు సెలవుపెట్టిన ఒకనాడు ఆ తరగతికి వెళ్ళి, 1868లో మన గుంటూరులోనే జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు హీలియమును కనిపెట్టాడని గొప్పగా చెప్పాను. ఒక పిల్లవాడు లేచి, "నక్షత్రమంటే వాయువే గదా అయ్యవారూ, గాలి అట్లా ముద్దగా ఎట్లా అవుతుంది?" అన్నాడు. "చల్లబడి, నెయ్యి పేరుకొన్నట్లు పేరుకొంటుంది" అన్నాను. రెండూ తప్పులేనని పదవీవిరమణ తరువాత పుస్తకాలు తిరగవేస్తే తెలిసింది.

ముందు గుంటూరు సంగతి. నీహారికలలో కొన్ని వట్టి వాయువులేనని 1864లో ఇంగ్లండులో విలియం హగ్గిన్స్ వర్ణపటం ద్వారా తేల్చాడు. నాలుగేళ్ళకు, 1868 ఆగస్టు 18న, సంపూర్ణ సూర్యగ్రహణం మన తీరం మీదుగా సాగింది. చూడవచ్చినవారిలో జాన్సెన్, టెనంట్ గుంటూరులోను, మద్రాసు వేధశాల అధిపతి పోగ్సన్ బందరులోను నిలిచారు. సూర్యబింబపు అంచున ఎగసే జ్వాలలు ఉదజని, అనగా హైడ్రోజన్ వాయువేనని ఆనాడు తేలింది. జాన్సెన్ అసలు ఘనత మరునాటిది: ఆ జ్వాలల వర్ణపటాన్ని గ్రహణం లేకుండానే, పట్టపగలు చూడగలిగాడు. ఇక అందులోని పసుపు గీతను పలువురు చూచారు గాని, సోడియం గీత అనుకొన్నారు. అది వేరొక మూలకానిదని వాదించినవాడు ఇంగ్లండులోని లాకయర్. సూర్యునికి గ్రీకు పేరైన హీలియోస్ నుండి దానికి హీలియం అనే పేరు వచ్చింది. భూమిమీద రామ్సే దానిని 1895లో పట్టుకొన్నాడు. అతిశయోక్తి కావ్యానికి అలంకారమే గాని చరిత్రకు కాదు.

ఇక పిల్లవాని ప్రశ్న. 1902లో జేమ్స్ జీన్స్ దీనికి లెక్క కట్టాడు. మేఘంలోని వేడి వాయువును వెలుపలికి నెడుతుంది. మేఘపు గురుత్వం లోనికి లాగుతుంది. మేఘం ఎంత చల్లగా, ఎంత చిక్కగా ఉంటే అంత తక్కువ ద్రవ్యంతోనే లాగుడు గెలుస్తుంది. మా దుర్గం పైన కనిపించే ఆ మసక వెలుగు వెనుక చీకటిమేఘం ఉన్నది. అటువంటి మేఘాల లోతట్టున చలి సున్నాకు దిగువ సుమారు 260 డిగ్రీల సెల్సియస్. కాబట్టి చల్లదనమన్న నా మాట సగం నిజం. కాని అక్కడ జరిగేది పేరుకోవడం కాదు, లోనికి కుప్పకూలడం. నెయ్యికి విరుద్ధంగా, కూలినకొద్దీ వాయువు వేడెక్కజూస్తుంది. మొదట్లో ఆ వేడి కిరణాలుగా తప్పించుకొని పోతుంది గనుక కూలడం ఆగదు. నడిమిభాగం చిక్కబడి కిరణాలను బంధించిన పిమ్మట వేడి నిలిచి పెరుగుతుంది. సూర్యునివంటి నక్షత్రం స్థిరపడడానికి కొన్ని కోట్ల సంవత్సరాలు పడుతుంది. కేంద్రంలో వేడి కోటి డిగ్రీలు దాటాక ఉదజని కేంద్రకాలు కలిసి మరొక మూలకంగా మారుతాయి. అదే హీలియం, గుంటూరులో సోడియమని పొరబడినది!

ఆ పిల్లవాడు ఇప్పుడు నడివయసువాడై ఉంటాడు. ఈ జవాబు అతనికి ముప్పై ఏళ్ళ కిందటే చెప్పవలసినది.