బొమ్మ లేని దీనారు

ఇస్లాం ఉదయించేనాటికి హిజాజ్ అరబ్బులకు తమదంటూ ఒక నాణెం లేదు. సిరియా దారిన రోము బంగారు నాణేలు, ఇరాక్ దారిన పారశీకుల వెండి నాణేలు మక్కా వర్తకుల చేతికి వచ్చేవి. దీనారు అన్న మాట రోమనుల ‘దెనారియస్’ నుండి, దిర్హము అన్న మాట గ్రీకుల ‘ద్రఖ్మా’ నుండి వచ్చినవే. దివ్య ఖుర్ఆన్‌లో ఈ రెండూ ఉన్నాయి. ఆలి ఇమ్రాన్ సూరాలో దీనారు అమానతును గూర్చిన ప్రస్తావనలో, యూసుఫ్ సూరాలో దిర్హములు హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం)ను అమ్మివేసిన ప్రస్తావనలో కానవస్తాయి.

సిరియా, ఇరాన్‌లు ముస్లిముల పాలనలోకి వచ్చిన పిదప కూడా పాత ముద్రలే సాగాయి. వెండి దిర్హములపై సాసానీ చక్రవర్తి కిరీటముఖం, వెనుక అగ్నివేదిక అలాగే నిలిచాయి. అంచున మాత్రం ‘బిస్మిల్లాహ్’ అన్న మాట చేరింది. సిరియా నాణేలపై సిలువ అడ్డకమ్మిని తీసివేయగా మెట్లపై ఒక స్తంభం మిగిలింది.

ఉమయ్యా ఖలీఫా అబ్దుల్ మలిక్ (హి. 65–86) మొదట కత్తి ధరించి నిలుచున్న ఖలీఫా బొమ్మతో బంగారు నాణేలు ముద్రింపజేశాడు. హి. 77 (క్రీ.శ. 696–97)లో ఆ బొమ్మను కూడా తొలగించాడు. కొత్త దీనారుపై కూఫీ అక్షరాలు తప్ప మరేమీ లేవు. ఒకవైపు నడుమ తౌహీద్ వాక్యం, చుట్టూ దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) రిసాలత్‌ను తెలిపే తౌబా సూరా ఆయతు భాగం. మరొకవైపు ఇఖ్లాస్ సూరా మాటలు, చుట్టూ ముద్రించిన సంవత్సరం. ఖలీఫా పేరు ఎక్కడా లేదు. సుమారు రెండు సెంటీమీటర్ల బిళ్ళపై అంత వ్రాత ఇరుకనిపించకుండా అమరడమే దాని సౌందర్యం.

తూకం విషయం అంతకన్నా ముఖ్యమైనది. పూర్వపు దిర్హములు ఒకే బరువున ఉండేవి కావు. బగ్లీ దిర్హము ఎనిమిది దానిక్‌లు, తబరీ దిర్హము నాలుగు దానిక్‌లు ఉండగా, రెంటినీ కలిపి సగం చేసి ఆరు దానిక్‌లుగా నిర్ణయించారని ఫిఖ్హ్ గ్రంథాలు చెబుతాయి. దీనారు ఒక మిస్ఖాలు, అనగా సుమారు 4.25 గ్రాములు, పది దిర్హములు ఏడు మిస్ఖాళ్ళు. జకాతు నిసాబు ఇరవై దీనార్లు లేక రెండు వందల దిర్హములు. తూకం స్థిరపడకపోతే పేదవాని హక్కు కూడా స్థిరపడదు.

అయినా ఈ మార్పును అందరూ మెచ్చలేదు. అపవిత్రుల చేతులు కూడా తాకే నాణెంపై ఖుర్ఆన్ వాక్యాలు ఉండరాదని కొందరు ఫుకహా భావించారు. ఆ దిర్హములకు ‘మక్రూహా’ అన్న పేరు వచ్చిందని బలాజురీ ‘ఫుతూహుల్ బుల్దాన్’లో ఉల్లేఖించాడు. తూకం తక్కువని పారశీకులు ఇష్టపడనందున ఆ పేరు వచ్చిందన్న మాటనూ ఆయన వ్రాశాడు. ఒకరు వాక్యపు గౌరవాన్ని, మరొకరు వెండి బరువును చూశారు. నాణెం విషయంలో రెండూ అడుగదగిన ప్రశ్నలే.

ఆ దీనారు కీర్తి దూరదేశాలకు పాకింది. ఇంగ్లండులోని మెర్సియా రాజు ఓఫా (క్రీ.శ. 757–796) అబ్బాసీ ఖలీఫా మన్సూర్ హి. 157 నాటి దీనారును అనుకరించి, అరబీ వరుసల నడుమ తన పేరును తలక్రిందులుగా చెక్కించాడు. నేడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అక్షరాలు చదువలేనివారు సైతం ఆ నాణెపు నిజాయితీని నమ్మారు. వాక్యానికి తగిన తూకం ఉన్నంతకాలమే ఆ నమ్మకం నిలుస్తుంది.