తల్లికి పూచీకత్తు

తిక్కనకు ‘దశకుమారచరిత్రము’ అంకితమిచ్చిన మూలఘటిక కేతన ‘విజ్ఞానేశ్వరము’ అనే మరో గ్రంథమూ రచించాడు. కల్యాణి చాళుక్యుల కాలంలో విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి రాసిన మితాక్షర వ్యాఖ్యకు అది తెలుగు రూపం. కవిత్వం కోసం దాన్ని తెరిచేవారు అరుదు. అయినా పంపకాలూ అప్పులూ శిక్షలూ పద్యాల్లో నడవడం చూడదగ్గ విషయమే. ఆ మితాక్షర సంప్రదాయంలో వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ ఆస్తితో ముడిపడిన బాధ్యత కాదు. తండ్రి సెంటు భూమి మిగల్చకపోయినా కొడుకు తప్పించుకోలేడు.

ఆంగ్లేయుల పాలనలో ఈ ధర్మం సివిల్ కోర్టులకే పరిమితమైంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 488వ సెక్షన్ కింద మేజిస్ట్రేటు మనోవర్తి ఇప్పించగలిగింది భార్యకూ బిడ్డలకూ మాత్రమే. తల్లిదండ్రులు ఆ వరుసలో చేరింది 1973 కోడ్‌లోని 125వ సెక్షన్‌తో. అందులోని ‘అతని’ అన్న సర్వనామాన్ని పట్టుకొని, కూతురికి ఈ బాధ్యత లేదని ఒక వైద్యురాలు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. పెళ్లయిన కూతురైనా తండ్రిని పోషించవలసిందేనని 1987లో తీర్పు వచ్చింది. ఆ పైన 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం ట్రిబ్యునళ్లను ఏర్పరచింది. విదేశాల్లో ఉన్న భారత పౌరులకూ అది వర్తిస్తుంది.

అంటే, మెల్‌బోర్న్‌కు ఉత్తరాన క్రెయిగీబర్న్‌లో ఇల్లు కట్టుకున్న తెలుగు కొడుకు కూడా, భారత పౌరుడిగా ఉన్నంతకాలం దాని పరిధిలోనివాడే. ఆస్ట్రేలియా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజున భారత పౌరసత్వం పోతుంది. దానితో చట్టంలోని ఆ ఒక్క మాట పట్టూ సడలుతుంది.

అతను చేరిన దేశం కథ వేరు. ఇంగ్లండులో 1601 నాటి పేదల చట్టం పేద తల్లిదండ్రుల భారాన్ని స్తోమత గల పిల్లలపై మోపింది. 1948లో అక్కడ అది తొలగింది. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియాలు 1900లోనే వృద్ధాప్య పింఛను చట్టాలు చేశాయి. 1908లో కేంద్రం యావద్దేశానికీ చేసింది, ఆస్ట్రేలియాలో పుట్టని ఆసియావాసులను మినహాయించి. ఊరూరా తిరిగి సరుకులమ్మిన భారతీయుడికి ముసలితనంలో ఆ పింఛను దక్కలేదు. శ్రీనివాస శాస్త్రి 1922 పర్యటన తర్వాత, 1926లో గాని బ్రిటిష్ ఇండియాలో పుట్టినవారికి ఆ తలుపు తెరుచుకోలేదు.

నేడు ఆ దేశపు కుటుంబ చట్టం భార్యాభర్తల, పిల్లల పోషణ గురించి చెబుతుంది గాని, ముసలి తల్లిని పోషించమని కొడుకును నిర్బంధించదు. వలస వచ్చిన కొడుకు మాత్రం సంతకంతో బద్ధుడవుతాడు. సొమ్ము చెల్లించి తెచ్చుకునే శాశ్వత తల్లిదండ్రుల వీసాకు ఎవరో ఒకరు 10 ఏళ్ల పూచీకత్తు ఇవ్వాలి. ఒక్కరికైతే 10,000 డాలర్ల బ్యాంకు హామీ కూడా జత చేయాలి. ఆ గడువులో తల్లి కొన్ని ప్రభుత్వ భృతులు తీసుకుంటే, ఆ మొత్తం పూచీదారుడి అప్పవుతుంది. వృద్ధాప్య పింఛనుకు సాధారణంగా కావలసిన నివాసమూ 10 ఏళ్లే.

అయితే ఆ అప్పు వసూలు చేసేది ప్రభుత్వ ఖజానా. భారతదేశంలో ట్రిబ్యునల్ ముందు నిలబడి కొడుకును అడగగల తల్లికి, క్రెయిగీబర్న్‌లో అతని పూచీకత్తు కాగితం మీద దావా వేసే హక్కు లేదు. ఆ కాగితంలో ఆమె ఋణదాత కాదు.