క్రీడోత్సవములకు స్థలనిర్ణయము



ఆటలో గెలిచినవాని పేరు లోకము చిరకాలము తలచుకొనును. ఆ యాట యే యూర, ఏ నేలమీద జరుగవలెనని నిర్ణయించినవారి పేరు ఎవరికిని జ్ఞప్తియుండదు. ఆట నాలుగు దినములలో ముగియును. దానికై చదును చేసిన నేలయు, దానికై చేసిన వ్యయమును తరువాతి తరమువారికి మిగులును. కావున స్థలనిర్ణయమునకును ఒక చరిత్ర కలదు. అందు మన పల్లెలకు పనికివచ్చు పాఠమును కలదు. దానినే నేడు మనవి చేయుచున్నాను.

పూర్వము గ్రీకుదేశమున ఒలింపియా యను పుణ్యక్షేత్రము కలదు. క్రీ. పూ. 776 మొదలుకొని నాలుగేండ్లకొకమారు అచ్చట పందెములు జరిగినట్లు చరిత్రకారులు లెక్కింతురు. ఒలింపియా మహానగరము కాదు. రెండేరులు కలియుచోట, కొండపాదమున, దేవాలయమున్న తోపు. పరుగుబాటకు ప్రక్కనున్న మట్టికట్టలమీదనే జనులు నిలిచియు కూర్చుండియు చూచెడివారు. ఆ తావు ఏ మహారాజ్యమునకును రాజధాని కాకుండుటయే దాని బలము. ఏథెన్సువారును స్పార్టావారును తమలో తాము పోరాడుకొన్నను, అచ్చటికి వచ్చుటకు ఎవరికిని చిన్నతనము లేకుండెను. పందెములకు వచ్చిపోవువారికి దారిలో హాని చేయరాదను కట్టుబాటు నుండెను. ఇట్లు వేయేండ్లకు పైబడి ఆ యాటలకు తావు మారలేదు.

1896లో ఆ యుత్సవము ఏథెన్సునగరమున పునరుద్ధరింపబడెను. ఎల్లకాలము తమ దేశముననే జరుగవలెనని గ్రీకురాజు కోరెను. ఉత్సవమును పునరుద్ధరించిన కూబర్తే యను ఫ్రెంచి ప్రభువు మాత్రము అది దేశదేశములు తిరుగవలెనని పట్టుపట్టెను. ఆయన మాటయే నెగ్గెను. ఫలమేమి? 1900లో పారిసునందును, 1904లో అమెరికాలోని సెయింట్ లూయీ యందును ఆటలు మహాప్రదర్శనములకు తోకలైపోయెను. పారిసున పందెములు నెలల తరబడి సాగి, పాల్గొన్నవారిలో కొందరికే తాము ఒలింపిక్ క్రీడలలో పాల్గొంటిమని తెలియలేదు. సెయింట్ లూయీ మిక్కిలి దూరమగుటచే ఐరోపానుండి వెళ్లినవారు స్వల్పము. స్థిరమైన తావు విడిచినప్పుడు, ఎవరికి అందుబాటు, ఎవరికి వ్యయము అను ప్రశ్నలు ప్రతిమారును క్రొత్తగా పుట్టును.

మన దేశమున 1951లో ఢిల్లీ నగరమున మొదటి ఆసియా క్రీడలు జరిగెను. పదునొకండు దేశములు పాల్గొనెను. 1985లో ఢిల్లీతో నూతనరూపము దాల్చిన జాతీయక్రీడలు పిమ్మట రాష్ట్రమునుండి రాష్ట్రమునకు తిరుగసాగెను. ఇందు మంచియు కలదు, చెడ్డయు కలదు. 1999లో మణిపురమువంటి చిన్న రాష్ట్రమునకు ఆ గౌరవము దక్కుట మంచి. గౌహతిలో 2005లో జరుగవలసినవి 2007లోను, రాంచీలో 2007లో జరుగవలసినవి 2011లోను జరుగుట, పిలిచినవారు పందిరి వేయకముందే శుభలేఖలు పంచిన చందము.

ఇక మన తెలుగుదేశపు సంగతి. హైదరాబాదున ఫతేమైదానము కలదు. గోల్కొండ ముట్టడికాలమున మొగలాయి సేనలు దిగిన చోటని ప్రతీతి. 1955 నవంబరులో న్యూజీలండు జట్టుతో ఆ నగరపు తొలి టెస్టు క్రికెట్ పోటీ అచ్చటనే జరిగెను. అందు పాలీ ఉమ్రీగర్ 223 పరుగులు తీసెను. టెస్టులలో భారతీయుడు రెండువందలు దాటుట అదియే ప్రథమము. 1967 నుండి ఆ మైదానము లాల్ బహదూర్ శాస్త్రి పేర వెలసినది. 2005లో పెద్ద పోటీలు ఉప్పలులోని క్రొత్త మైదానమునకు తరలిపోయెను. విశాఖపట్టణమునను 1988లో నగరమధ్యమున మొదలైన అంతర్జాతీయపు పోటీలు, 2005లో పోతినమల్లయ్యపాలెమునకు చేరెను. ఊరు పెరిగినకొలది ఆటస్థలము ఊరివెలుపలికి జరుగుట అంతటను కన్పట్టుచున్నది.

2002లో సమైక్యాంధ్రప్రదేశ్ జాతీయక్రీడలకు ఆతిథ్యమిచ్చెను. మొదట ఢిల్లీకి నిర్ణయమై వాయిదాపడిన ఆఫ్రో-ఆసియా క్రీడలు 2003లో హైదరాబాదుననే జరిగెను. 2007లో ప్రపంచ సైనికక్రీడలును, 2009లో ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీలును ఆ నగరమునకే వచ్చెను. ఒకమారు గచ్చిబౌలి మొదలగు చోట్ల కట్టడములు లేచినపిదప, తక్కిన పండుగలు వానిని వెదకికొని వచ్చినవి. 2014లో రాష్ట్రము రెండైనప్పుడు ఆ కట్టడములు నిలిచినచోటనే నిలిచినవి. ఇందు ఎవరిని నిందింప బనిలేదు. ఆతిథ్యనగరమును ఎన్నుకొనుట యనగా ఐదుదినముల వేడుకకు చోటు చూపుట మాత్రమే కాదు, అయిదుపదుల యేండ్ల సంపదను ఒకచోట నాటుట యని మనము గ్రహింపవలెను.

ఇందుకు భిన్నమైన మార్గమొకటి అమెరికావారి చిన్న యాటలో కలదు. డిస్క్ గోల్ఫ్ అని దాని పేరు. పళ్లెమువంటి బిళ్లను చేత విసరి, గొలుసులు వ్రేలాడు బుట్టలో వీలైనంత తక్కువ విసురులతో పడవేయుటయే ఆట. 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ ఉద్యానమున ఎడ్ హెడ్రిక్ అనునతడు తొలి శాశ్వతక్రీడామార్గమును ఏర్పరచెను; మరుసటియేడు ఆటగాండ్ర సంఘము పుట్టెను. ఈ యాటకు గోడలు లేవు, మెట్ల గ్యాలరీలు లేవు. చెట్టు, వాగు, పల్లము, గాలి - ఇవియే ఆటలోని చిక్కులు. బుట్టలు తీసివేసినచో ఉద్యానము ఉద్యానముగనే యుండును. దీని ప్రపంచపోటీలు 2016లోను మరల 2022లోను కాన్సస్ రాష్ట్రములోని ఎంపోరియా యను ఊర జరిగెను. ఆ యూరి జనసంఖ్య సుమారు 24,000. మన ఏలూరులో ఒక మూలకు సరిపోదు. మహానగరములుండగా దానినేల ఎన్నుకొనిరి? ఆ యూర తగిన క్రీడామార్గములు కలవు. వర్తకులును ఊరివారును ఏటేట పెద్ద పందెములు నడపి చేయితిరిగినవారు. పూనిక యున్నచోట పల్లెపట్టణము సైతము ప్రపంచమునకు ఆతిథ్యమీయగలదు. 2025లో ఆ పోటీలు సముద్రము దాటి ఫిన్లండు దేశమునకు వెళ్లెను.

మన పెద్దలకు ఈ వివేకము లేకపోలేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో భూపరీక్ష చెప్పెను. మూరెడు గొయ్యి త్రవ్వి ఆ మట్టితోనే పూడ్చవలెను. మట్టి మిగిలిన నేల మేలు, సరిపడిన మధ్యమము, చాలకున్న కీడు. ఎడ్లు బండలాగు పందెములవారు నేటికిని నేల గట్టిదనము, నిడివి, ఎద్దులకు నీరు, తిరునాళ్లకు వచ్చు జనమునకు దారి చూచియే చోటు నిర్ణయింతురు. సంక్రాంతి కోడిపందెములవారును బరికి చోటు వెదకుటలో ఎంతయో నేర్పు చూపుదురు. కాని చట్టము కాదన్న పనికి చాటు వెదకుట స్థలనిర్ణయము కాదు, దాగుటయే.

మన దెందులూరు మెట్టకును డెల్టాకును నడుమ నున్నది. దక్షిణమున కొల్లేరు. కేరళమున 1952 నుండి పున్నమడ సరస్సులో నెహ్రూ ట్రోఫీ పడవపందెములు జరుగుచున్నవి గదా, కొల్లేట నేల జరుపరాదని యువకులు నన్నడుగుదురు. ప్రశ్న మంచిదే. కాని 1999లో అయిదవ కాంటూరు వరకు కొల్లేరు అభయారణ్యమైనది. 2002లో రామ్సర్ ఒప్పందపు పట్టికలో చేరినది. 2006లో చేపలచెరువుల గట్లు తెగగొట్టుట మీలో పెక్కురు కన్నులార చూచినదే. తమ్మిలేరు, బుడమేరు తెచ్చిన నీరు ఉప్పుటేటిగుండ సముద్రమునకు పోవు ఆ లోతులేని సరస్సున, మనకు వేడుక కావలసిన శీతకాలముననే ఆటపాకచెంత గూడబాతులు గూళ్లు కట్టి పిల్లలను పెంచును. అచ్చట ఆతిథ్యము వానిదే, మనము అతిథులము.

మన యూరి భీమలింగదిబ్బయు అట్టిదే. వేంగీరాజ్యపు నాటి జ్ఞాపకములు దాచుకొన్న రక్షితస్థలమది. గోల్కొండలో నయాఖిల్లా లోపల గోల్ఫ్ మైదానము పరచినందున ఎంత వివాదము రేగినదో పత్రికలు చదువువారెరుగుదురు. పచ్చిక పరచుట సులభము, పాతగోడను మరల పుట్టించుట అసాధ్యము.

కావున మైదానము కోరివచ్చినవారిని పెద్దలు మూడు ప్రశ్నలడుగవలెను. ఈ నేల ఇప్పుడెవరికి ఆధారము? ఆట ముగిసినపిమ్మట ఇది ఎవరికి మిగులును? దూరపువాడును పేదవాడును ఇచ్చటికి చేరగలరా? ఈ మూడింటికి సదుత్తరము వచ్చినచోటు చిన్నదైనను యోగ్యమే. రానిచోటు ఎంత గొప్పదైనను తగదు.

బడిపంతులుగా పెక్కేండ్లు పిల్లల పందెములకు నేల వెదకినవాడను గనుక ఒక్కమాట మనవి చేసెదను. వరి కోసిన చేను కొన్ని వారములే దొరకును. పిమ్మట అది రైతుదే. ఏడాదిపొడవునను పిల్లలది యనదగిన నేల గ్రామమున ఒక్కటియైన నుండవలెను. మీ యూరి బడిమైదానమునకు, ఉమ్మడి బంజరునకు ఎల్లలు నేడే కొలిపించి, గ్రామపు లెక్కలలో వ్రాయింపుడు. ఎల్ల తెలియని నేల ఏటికొక గజము చొప్పున కరగిపోవును. అది పోయిన తరువాత ఏ నగరము మనలను పిలిచినను, పంపుటకు మనయొద్ద ఆటగాడుండడు.