ముందు పాఠం, తర్వాత తరగతి

విద్యార్థి పాఠాన్ని ముందే సొంతంగా చదువుకొని, సందేహాలతో తరగతికి రావడాన్నే ఇవాళ ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటున్నారు. ఈ పద్ధతికి తెలుగునాట వీడియోల కంటే పాత చరిత్ర ఉంది. 1982లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. నేటి అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. దేశంలో మొదటి ఓపెన్ యూనివర్సిటీ కూడా అదే. వ్యవస్థాపక ఉపకులపతి జి. రాంరెడ్డి. ఇంటర్ పాస్ కానివారు సైతం అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరగలిగేవారు. పాఠం అచ్చుపుస్తకంగా ఇంటికి చేరేది, రేడియోలోనూ వినిపించేది. అధ్యయన కేంద్రాల్లో సెలవు రోజుల్లో జరిగే కౌన్సెలింగ్ తరగతి సందేహాలు తీర్చుకోవడానికే. కౌన్సెలర్ మళ్లీ మొదటి పేజీ నుంచి పాఠం చెప్పడం మొదలుపెడితే ఆ ఏర్పాటుకు అర్థమే ఉండదు.

అమెరికా విశ్వవిద్యాలయాల్లో ఈ ఆలోచన వేరే దారిలో వచ్చింది. హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ తన విద్యార్థులకు బలాల మీద ఒక సులువైన పరీక్ష పెట్టారు. సూత్రాలతో పనిలేని ప్రశ్నలవి. లారీ, కారు ఎదురెదురుగా ఢీకొంటే ఏది దేనిమీద ఎక్కువ బలం చూపుతుంది, అన్నట్టుగా ఉంటాయి. రెండూ సమానమేనన్న న్యూటన్ మూడో నియమం అందరికీ నోటికి వచ్చు. అయినా చాలామంది లారీదే ఎక్కువని రాస్తారు. మీరు చెప్పినట్టు రాయాలా, నాకు తోచినట్టు రాయాలా అని ఒక విద్యార్థిని అడిగిందని మజూర్ తన పుస్తకంలో రాశారు. 1991 నుంచి ఆయన పద్ధతి మార్చారు. ముందుగా చదివి రావాలి, తరగతిలో ప్రశ్నకు ఎవరికి వారు జవాబు ఎంచుకోవాలి, తర్వాత పక్కవాళ్లతో వాదించి మళ్లీ ఎంచుకోవాలి. 2000లో ఒహాయోలోని మయామీ విశ్వవిద్యాలయ ఆర్థికశాస్త్ర అధ్యాపకులు ఇదే పద్ధతి గురించి ‘తలకిందులు చేసిన తరగతి’ అన్న పేరుతో వ్యాసం ప్రచురించారు. 2007లో కొలరాడోలో ఇద్దరు హైస్కూలు ఉపాధ్యాయులు వీడియోలతో దీన్ని జనంలోకి తెచ్చారు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది కొలమానం. 1998లో భౌతికశాస్త్ర ఆచార్యుడు రిచర్డ్ హేక్ 62 భౌతికశాస్త్ర కోర్సుల్లోని 6,542 మంది విద్యార్థుల ఫలితాలు పరిశీలించారు. కోర్సుకు ముందు ఒక పరీక్ష, తర్వాత అదే పరీక్ష. తరగతి సగటు మొదట 40 ఉంటే పెరగడానికి ఇంకా 60 మిగిలి ఉంటుంది. చివరికి 52కు చేరితే ఆ 60లో వచ్చింది 12, అంటే 0.2. ఈ లెక్కన ఉపన్యాసాల కోర్సుల సగటు 0.23, విద్యార్థి చేత పని చేయించిన కోర్సుల సగటు 0.48. మొదటి పరీక్ష లేకపోతే ఈ లెక్కే లేదు. సెమిస్టర్ చివరి మార్కులు మాత్రమే చూస్తే తెలివైన బ్యాచ్ వచ్చిందో, మంచి బోధన జరిగిందో తేల్చలేం.

మళ్లీ తెలుగునాటకు వస్తే, 2008లో రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో మొదలైంది. పదో తరగతి పాసైన గ్రామీణ విద్యార్థులకు ఆరేళ్ల చదువు, చేతికొక లాప్‌టాప్, రికార్డు చేసిన పాఠాలు. తొలి కులపతి రాజ్ రెడ్డి. చేసి నేర్చుకోవాలన్నది ఆయన ఎంతో కాలంగా చెబుతున్న మాట. తెలుగు విద్యాచరిత్రలో ఇది సాహసం. అయితే ఆవాస ప్రాంగణంలో పాఠం వినడమూ, సాధన చేయడమూ ఒకే ఆవరణలో జరుగుతాయి. ఇల్లు వేరు, కాలేజీ వేరు అయినచోట పరిస్థితి అది కాదు.

హైదరాబాద్ కర్మన్‌ఘాట్‌లో నిలబడి చూస్తే ఆ తేడా కనిపిస్తుంది. పొద్దున్నే సాగర్ రోడ్డు పట్టి ఇబ్రహీంపట్నం వైపు వెళ్లే కాలేజీ బస్సుల్లో కిటికీ పక్కన పిల్లలు ఫోన్‌లో వీడియోను ఒకటిన్నర వేగంతో నడిపిస్తూ ఉంటారు. రాత్రి దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్ గదిలో మంచానికీ మంచానికీ మధ్య నడవడానికే చోటుండదు. పాఠాన్ని ఇంటికి పంపడమంటే సమయమూ చోటూ ఉన్నాయని అనుకోవడమే. అవి ఎవరికున్నాయో చూడని మూల్యాంకనం సగమే.

2015లో జెన్సెన్ బృందం జీవశాస్త్ర విద్యార్థులతో చేసిన అధ్యయనం మరో సంగతి తేల్చింది. రెండు తరగతుల్లోనూ చేసి నేర్చుకోవడమే ఉన్నప్పుడు, తలకిందులు చేసిన తరగతి ప్రత్యేకంగా మెరుగేమీ కాలేదు. ఫలితం వీడియోది కాదు, తరగతి గంటలో చేసే పనిది. 2019లో హార్వర్డ్‌లో డెలోరియర్స్ బృందం గమనించింది మరీ ముఖ్యం. చురుకుగా పనిచేసిన విద్యార్థులు ఎక్కువ నేర్చుకున్నట్టు పరీక్షలో తేలింది. కానీ తక్కువే నేర్చుకున్నామని వారు భావించారు. తడబడుతూ నేర్చుకున్నది తక్కువగా తోస్తుంది, ధారాళంగా విన్న ఉపన్యాసం ఎక్కువగా తోస్తుంది. కాలేజీలకు ఇచ్చే నాక్ గుర్తింపులో విద్యార్థుల సంతృప్తి సర్వేకు చోటుంది. సౌకర్యాల మీద వారి అభిప్రాయం అవసరమే. కొత్త బోధనను నిలపాలా, ఎత్తేయాలా అన్న నిర్ణయాన్ని మాత్రం దానికి వదిలేయకూడదు.

వచ్చే సెమిస్టర్‌లో ఈ పద్ధతి మొదలుపెట్టే అధ్యాపకులకు నా విన్నపం ఒకటే. మొదటి వారంలోనే ఒక పరీక్ష పెట్టి మార్కులు భద్రపరచండి. చివర అదే పరీక్ష మళ్లీ పెట్టండి. హాస్టల్ వారి ఫలితాలూ, బస్సులో వచ్చేవారి ఫలితాలూ విడివిడిగా చూడండి. బాగాలేకపోయినా సరే, ఆ అంకెలను అందరి ముందూ పెట్టండి.